గోదారి వెంట ఐదు రోజులు, రోజుకో రేవు

నవంబరు వచ్చిందంటే మా స్టాఫ్ రూములో ఎవరో ఒకరు నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటారు. "మేడమ్, మీది గోదావరి జిల్లా కదా, కోనసీమ వెళ్దామనుకుంటున్నాం, ఓ ప్లాన్ చెప్పండి" అంటారు. చేతిలో అప్పటికే ఒక కాగితం ఉంటుంది. రెండు రోజుల్లో తొమ్మిది గుళ్లు, ఒక రిసార్టు, పాపికొండలు, యానాం. ఆ కాగితం చదివి నేను ఒకటే అడుగుతాను. "ఇందులో గోదారిని ఎప్పుడు చూస్తారు?"

"దారిలో కనబడుతుంది కదండీ" అంటారు.

దారిలో కనబడదు. హైవే మీద జొన్నాడ నుంచి రావులపాలెం వచ్చే వంతెన ఎక్కితే గోదారి పాయ గౌతమి రెండు నిమిషాల్లో అయిపోతుంది. పిల్లలు ఫోన్లోంచి తలెత్తేలోపు అవతలి ఒడ్డు వచ్చేస్తుంది. తర్వాత మిగిలిన రెండు రోజులూ క్యూ లైన్లూ, పార్కింగూ, భోజనం ఎక్కడా అన్న టెన్షనూ. ఏటి పక్కన ఊళ్లు తిరిగొస్తారు గానీ ఏరుని చూసి రారు.

మా నాన్న కాలువల మీద లస్కరుగా, అంటే నీళ్ల కొలత చూసే పనివాడిగా పనిచేశారు. లాకుల పక్కన క్వార్టర్సులో పెరిగాను. హైదరాబాదు వచ్చి ఇరవై ఏళ్లు దాటినా, ఏటా చలికాలంలో అమ్మని తీసుకుని గోదారి వెంట ఒకసారి కిందికి వెళ్లొస్తాను. అమ్మకిప్పుడు డెబ్బై ఎనిమిది, మోకాళ్ల నొప్పులు. అందుకని ఈ ప్లాను పెద్దవాళ్లతో, పిల్లలతో నిదానంగా వెళ్లేవాళ్లకు సరిపోయేదే. రాజమండ్రి దగ్గర మొదలుపెట్టి, నీళ్లు ఎటు పోతే అటు పోయి, అంతర్వేదిలో సముద్రం దాకా. నేరుగా వెళ్తే వంద కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరిపోవచ్చు. దానికి నేను ఐదు రోజులు పెట్టమంటాను.

ముందు ఒక తెల్లకాగితం తీసుకుని పంగలకర్ర బొమ్మ తలకిందులుగా గీయండి. పైన నిలువు గీత రాజమండ్రి దగ్గరి అఖండ గోదావరి. గీత చీలేచోటు ధవళేశ్వరం. అక్కణ్ణుంచి తూర్పు పాయ గౌతమి, పడమటి పాయ వసిష్ఠ. వసిష్ఠలోంచి లోపలి వైపుకి ఇంకో చిన్న గీత గీస్తే అది వైనతేయ. ఈ పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్నదే కోనసీమ. ఇప్పుడు ఆ గీతల మీద మీరు నీళ్ల దగ్గర ఆగే చోట్లు చుక్కలు పెట్టండి. రోజుకి ఒక్కటే చుక్క. రేవు కావచ్చు, గట్టు కావచ్చు, పంటు (జనాన్ని దాటించే జంట పడవ) మీద ఏరు దాటే చోటు కావచ్చు. అక్కడ కనీసం రెండు గంటలు ఏ పనీ పెట్టుకోకండి. గుడి, భోజనం, షాపింగు అన్నీ ఆ చుక్క చుట్టూ సర్దుకోవాలి. నేను చెప్పదల్చుకున్నది ప్రధానంగా ఇదే. మిగతావన్నీ దీన్ని ఎలా నిలబెట్టుకోవాలన్న జాగ్రత్తలు.

ఎప్పుడు వెళ్లాలి

నవంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా. అప్పటికి వరద తగ్గి నీళ్లు తేటపడతాయి. డిసెంబరులో సార్వా (మొదటి పంట వరి) కోతలు అయిపోయి కొన్ని చేలల్లో కుప్పలు, కొన్నిట్లో దాళ్వా (రెండో పంట) నారుమళ్లు కనబడతాయి. పొద్దున్నే గట్టు మీద మంచు. మార్చి దాటితే ఎండ, ఏప్రిల్ దాటితే కాలువలు కట్టేస్తారు. నీళ్లు లేని కాలువ గట్టు మీద తిరిగి, కోనసీమ అంటే ఇదేనా అని మొహం వేలాడేసుకుని వచ్చినవాళ్లు నాకు తెలుసు. తప్పు కోనసీమది కాదు, వెళ్లిన నెలది.

తేదీలు వేసుకునేటప్పుడు పంచాంగం కూడా చూడండి. కార్తీక సోమవారాల్లో కోటిపల్లి రేవులో కాలు పెట్టే చోటు ఉండదు. శనివారం వాడపల్లి వెంకన్న దగ్గరికి ఏడు వారాల మొక్కుతో జనం పోటెత్తుతారు, ఆ చుట్టుపక్కల రోడ్లన్నీ బిగుసుకుపోతాయి. సంక్రాంతికి అయితే ఊళ్లు అందంగా ఉంటాయి, కనుమ నాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభల తీర్థం (జాతర) చూసి తీరాల్సిందే. కానీ గదులు నెలల ముందే అయిపోతాయి, చుట్టాలు లేనివాళ్లు తిప్పలు పడతారు. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం. తీర్థం కోసం వెళ్తే వెళ్లండి, నిదానంగా ఏరు చూద్దామనుకుంటే ఆ వారం వదిలేయండి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఆ పన్నెండు రోజులూ అక్కడ కావలసిన ప్లాను వేరు.

వరదల నెలల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. పులస కోసం జులై, ఆగస్టుల్లో వెళ్తామంటారు. ఎర్రనీళ్లు వచ్చాకే సముద్రంలోంచి ఆ చేప ఏటికి ఎదురీది వస్తుంది, నిజమే. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు, అదీ నిజమే. నేనూ అలాగే 2022 జులైలో తమ్ముడి కుటుంబంతో కలిసి ప్లాను వేశాను. మేం అమలాపురంలో దిగిన రెండో రోజుకి భద్రాచలంలో నీళ్లు పెరిగిపోతున్నాయని వార్త. ఆ ఏడు అక్కడ 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంత నీరు రావడం అదే. పంట్లు ఆపేశారు. మేం ముందే డబ్బు కట్టిన ఒక బస చోటు వాళ్లు ఫోను ఎత్తడం మానేశారు, ఆ డబ్బు తిరిగి రాలేదు. అది పెద్ద బాధ కాదు. ఏటి మధ్య లంకలో ఉండే మా పెద్దమ్మ వాళ్లు బియ్యం బస్తాలు అటక మీదికి ఎక్కించి, గేదెల్ని గట్టు మీదికి తోలుకొచ్చి, టార్పాలిన్ కింద పడుకున్నారు. వాళ్ల పక్కన నిలబడి మేం సరదాగా ఏరు చూడ్డానికి వచ్చామని చెప్పడానికి నోరు రాలేదు. అందుకే వరద నెలల్లో ప్లాను అడిగితే వద్దనే చెబుతాను.

అయినా తప్పనిసరై వెళ్తే రెండు చోట్ల నీటిమట్టం అంకెలు గుర్తుంచుకోండి. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర అవే మూడు హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులకి. భద్రాచలంలో పెరిగిన నీరు కిందికి రావడానికి ఒక రోజు అటూ ఇటూగా పడుతుంది. పైన మొదటి హెచ్చరిక వినగానే కింద మీరు సామాను సర్దుకోవాలి.

మొదటి రోజు: రాజమండ్రి

వీలైతే పగటిపూట వంతెన దాటే రైలు చూసుకోండి. కొవ్వూరు దాటాక రైలు గోదారి మీదికి రాగానే చప్పుడు మారుతుంది. పెట్టెలో నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి కూర్చుంటారు. అమ్మ చీర కొంగు ముడిలోంచి రూపాయి బిళ్ల తీసి, కిటికీలోంచి వేసి దణ్ణం పెట్టుకుంటుంది. ట్రిప్పు అక్కడ మొదలైనట్టు మాకు లెక్క.

ఆ రోజు ఇంకేమీ పెట్టుకోకండి. సాయంత్రం పుష్కర ఘాట్‌లో హారతి చూడండి. గంట ముందే వెళ్లి మెట్ల మీద కూర్చుంటే పాత హేవలాక్ వంతెన కనబడుతుంది. 1897లో మొదలై సరిగ్గా వందేళ్లు రైళ్లని మోసి 1997లో ఆగిపోయింది. దాని స్తంభాల మధ్య నుంచి చేపల పడవలు ఇళ్లకి మళ్లే సమయం అది. నాకు హారతి కన్నా ఆ గంటే ఇష్టం.

పాపికొండలు చూడాలనుకుంటే ఇక్కడ ఇంకో రోజు కలపండి, ఐదు రోజుల్లోంచి కోసుకోకండి. లాంచీలు గండిపోచమ్మ గుడి దగ్గరి నుంచి బయల్దేరతాయి. నీటిమట్టాన్ని బట్టి వాటిని ఆపుతుంటారు కాబట్టి ముందురోజు కనుక్కోవాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర వరదనీటిలో బోటు మునిగి ఎంతమంది పోయారో మనం మరిచిపోకూడదు. లైఫ్ జాకెట్ ఇవ్వకపోయినా, ఇచ్చి తాళ్లు కట్టుకోనక్కర్లేదన్నా దిగిపోండి. టికెట్టు డబ్బు పోతే పోయింది.

రెండో రోజు: ధవళేశ్వరం నుంచి ఆత్రేయపురం

పొద్దున ఎనిమిదింటికల్లా ధవళేశ్వరం చేరండి. కాటన్ మ్యూజియం చూశాక బ్యారేజీ మీదికి వెళ్తే కళ్ల ముందున్నది అర్థమవుతుంది. 1847 నుంచి 1852 దాకా ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట పాతబడితే దాని స్థానంలో ఇప్పటి బ్యారేజీ వచ్చింది. ఇది ఒకే గోడ కాదు. మధ్యలో లంకలున్నాయి కాబట్టి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మొత్తం 175 గేట్లు. పిల్లలకి గేట్లు లెక్కపెట్టమని చెప్పండి, దారి పొడవునా మీకు ప్రశాంతంగా ఉంటుంది. గేట్ల కింద నీళ్లలోకి మాత్రం ఎవర్నీ దిగనివ్వకండి. గేటు ఎత్తితే నీళ్లు ఒక్కసారిగా వస్తాయి.

బొబ్బర్లంక దగ్గర కోనసీమలో అడుగుపెట్టినట్టు. అక్కణ్ణుంచి కాలువ పక్కన ఆత్రేయపురం రోడ్డు పట్టుకోండి. ఈ రోజు చుక్క లొల్ల లాకుల దగ్గర.

లాకులంటే ఏమిటో పిల్లలకి చెప్పి తీసుకెళ్లండి, లేకపోతే ఫొటోలు దిగి వచ్చేస్తారు. పైకాలువ ఎత్తులో, కిందికాలువ పల్లంలో ఉంటాయి. మధ్యలో రెండు వైపులా తలుపులున్న తొట్టి లాంటి గది. పైనుంచి వచ్చిన పడవ ఆ గదిలోకి చేరాక వెనక తలుపులు మూసి, నీళ్లు మెల్లగా కిందికి వదులుతారు. పడవ నీటితోపాటు దిగుతుంది. ముందు తలుపులు తెరిస్తే కిందికాలువలోకి వెళ్లిపోతుంది. ఇప్పుడు సరుకు పడవలు లేవు గానీ నీళ్ల పంపకం ఇంకా అక్కడే. గోడ మీద అడుగులు, అంగుళాలు గీసిన రాతి స్కేలు కనబడుతుంది. మా నాన్న రోజూ పొద్దున తడిగుడ్డతో దాని మీది పాచి తుడిచి, వంగి అంకె చూసి, పుస్తకంలో రాసేవారు. గాలికి నీళ్లు ఊగుతుంటే ఊగడం ఆగేదాకా చూసి రాసేవారు. తొందరపడి రాసిన అంగుళం కింద ఎవరి చేలోనో తేడా వస్తుందనేవారు. నేను ఎక్కడికి వెళ్లినా ముందు ఆ స్కేలు వెతుక్కుంటాను. చెట్ల నీడ ఉంటుంది, ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర అక్కడ తినండి. ఆకులూ కవర్లూ కాలువలో పారేయకుండా వెనక్కి తెచ్చుకోండి.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనడమే కాదు, రేకు తీయడం చూడాలి. కొట్టులో వాళ్లని మర్యాదగా అడిగితే రేకు తీసే ఇల్లు చూపిస్తారు. బోర్లించిన కుండ, దాని కింద మంట, ఎండు కొబ్బరాకు ఒక్కొక్కటే తోస్తూ ఉంటారు. పక్కన గిన్నెలో పల్చటి బియ్యప్పిండి నీళ్లు. సన్నటి గుడ్డని అందులో ముంచి, రెండు చేతులా కొసలు పట్టుకుని, కుండ వీపు మీద ఒక్కసారి లాగుతారు. గుడ్డ అటు వెళ్లేలోపే వెనక రేకు ఆరిపోయి అంచు లేస్తుంది. చేత్తో అలా ఎత్తేస్తారు. వెలుతురుకి పడితే అవతలి మనిషి కనబడతాడు. ఆ మంట ముందు పొద్దుణ్ణుంచి కూర్చున్న ఆవిడ చేతులు చూశాక నేను ఎప్పుడూ బేరమాడలేదు. ఊరికి తీసుకెళ్లేందుకైతే ఆ రోజే చుట్టినవి అడగండి. బెల్లంవి, పంచదారవి వేర్వేరు డబ్బాల్లో పెట్టించండి. పెట్టె పైన బరువు పెడితే ఇంటికి పొడి చేరుతుంది.

దగ్గర్లోనే ర్యాలి. జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ముందువైపు విష్ణువు, వెనకవైపు మోహిని, ఒకే రాతిలో. పూజారిగారు దీపం పట్టుకుని వెనకవైపు జడ, గోళ్లు కూడా చూపిస్తారు. రాత్రికి రావులపాలెంలో ఉండండి.

మూడో రోజు: ఏటిగట్టు, కోటిపల్లి పంటు

ఐదు రోజుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోజు ఇది. పొద్దున రావులపాలెం అరటిమార్కెట్టు ఒకసారి చూడండి. సైకిళ్లకి రెండు వైపులా గెలలు వేలాడదీసుకుని వస్తుంటారు. కర్పూర, చక్రకేళి, అమృతపాణి, బొంత, దేని కుప్ప దానిదే. దారికి ఒక అత్తం చక్రకేళి తీసుకోండి.

తర్వాత వంతెన దాటి జొన్నాడ వైపు వచ్చి, అక్కడ హైవే వదిలేసి కుడివైపు ఏటిగట్టు రోడ్డు ఎక్కండి. కపిలేశ్వరపురం మీదుగా కోటిపల్లి దాకా గౌతమి మీ కుడిపక్కనే వస్తుంది. ఒకచోట దగ్గరగా, ఒకచోట లంక అడ్డం వచ్చి దూరంగా. డ్రైవరుకి ముందే చెప్పాలి. నేనెప్పుడూ బయల్దేరే ముందే చెబుతాను. "బాబూ, ఇవాళ మనకి తొందర లేదు, ముప్పైకి మించొద్దు, నేను ఆపమన్నచోట ఆపాలి." మొన్న వచ్చిన కుర్రాడు నవ్వి, "ఆయ్, అలాగేనండి. ఇంతకీ ఎక్కడికండి వెళ్లాలి?" అన్నాడు. "ఇక్కడికే" అన్నాను. అరగంటయ్యాక తనే బండి ఆపి, "అటు చూడండమ్మా, వలేస్తున్నాడు" అని చూపించడం మొదలుపెట్టాడు.

గట్టు రోడ్డు ఇరుకు. ఎదురుగా ఇటుకల ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాలి, పెద్ద వ్యాను వేసుకెళ్లకండి. ఆడవాళ్లకి బాత్రూము సమస్య కూడా ఉంది, దాన్ని దాచి ప్రయోజనం లేదు. హైవే వదిలే ముందు పెట్రోలు బంకులో ఒకసారి, కోటిపల్లిలో గుడి దగ్గర ఒకసారి అని లెక్క పెట్టుకోండి. నీళ్లు తాగడం మానేసి ఎండలో తిరగడం పెద్దవాళ్లకి మంచిది కాదు.

కోటిపల్లిలో సోమేశ్వరుడి దర్శనం చేసుకుని రేవుకి నడవండి. ద్రాక్షారామం అక్కడికి దగ్గరే. భీమేశ్వరుణ్ణి చూడాలని ఉంటే గుడికి ముందు వెళ్లి, రేవుకి తర్వాత రండి. రేవుకొచ్చాక మళ్లీ వెనక్కి పరుగులు పెట్టకండి.

పంటు అంటే రెండు పడవల్ని పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి, ఇంజను బిగించిన కట్టడం. మనుషులు, మోటార్ సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, ఒక్కోసారి పెళ్లివాళ్లు, అన్నీ దాని మీదే. కారు ఎక్కుతుందో లేదో నీటిని బట్టి ఉంటుంది. ముందు రేవులో కనుక్కుని, కాదంటే డ్రైవరుని ఎదుర్లంక వంతెన మీదుగా చుట్టు తిరిగి ముక్తేశ్వరం రమ్మనండి. మీరు మాత్రం పంటే ఎక్కండి. ఆఖరి పంటు ఎన్నింటికో దిగగానే అడిగి పెట్టుకోండి. చిల్లర ఉంచుకోండి. ఎక్కేచోట ఒడ్డు జారుడుగా ఉంటుంది, బల్ల ఊగుతుంది. పెద్దవాళ్లని ముందు ఎక్కించి మధ్యలో కూర్చోబెట్టాలి, అంచున కాదు. మా అమ్మ కోసం మడత కుర్చీ ఒకటి ఎప్పుడూ డిక్కీలో ఉంటుంది.

బల్ల లాగేస్తారు. ఇంజను చప్పుడుకి కాళ్ల కింద చెక్కలు అదురుతాయి. ముందు నిలబడ్డ మనిషి పొడుగాటి గెడ నీళ్లలోకి దింపి, తడిసిన మేర చూసి, వెనక్కి చేయి ఊపుతాడు. ఆ చేతిని బట్టి పంటు వంకర తిరుగుతుంది. పైకి ఒకేలా కనబడే నీళ్ల కింద ఇసుక మేట ఎక్కడుందో అతనికి తెలుసు. నడిమధ్యకి వచ్చాక రెండు ఒడ్డులూ ఒకే దూరంలో కొబ్బరిచెట్ల గీతల్లా ఉంటాయి. ఫోను లోపల పెట్టి చూడండి. దాటడానికి పట్టేది కొద్దిసేపే.

మాకు తొందర లేదు కాబట్టి ఒక్కోసారి అవతల దిగి టీ తాగి, మళ్లీ ఇటు వచ్చి, మళ్లీ అటు వెళ్తాం. పిల్లలతో వెళ్తే మీరూ అలా చేయండి. ముక్తేశ్వరం నుంచి అయినవిల్లి వినాయకుణ్ణి చూసుకుని అమలాపురం చేరి ఆ రాత్రి అక్కడ ఉండండి. పక్కనే బండారులంక నేతచీరల ఊరు.

స్నానాల గురించి ఇక్కడే చెప్పేస్తాను. మెట్లున్న ఘాట్లలో, పదిమంది దిగుతున్నచోట మాత్రమే దిగండి. ఇసుక తిన్నె చూడ్డానికి చదునుగా, మోకాలి లోతుగా ఉంటుంది. ఇసుక తవ్విన గోతులు నీళ్ల కింద కనబడవు. రెండు అడుగులు అవతల మనిషి లోతు ఉండొచ్చు. ఈతొచ్చిన కుర్రాళ్లే పోతున్నారు. మీ పిల్లలు ఎంత బతిమాలినా ఒప్పుకోకండి.

నాలుగో రోజు: వైనతేయ దాటి దిండి

పొద్దున టిఫిను అంబాజీపేటలో పెట్టుకోండి. పనసాకుల్ని ఈనెపుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. పొట్టిక్కలంటారు. ఆకు వాసన పిండికి పట్టి ఉంటుంది. ఆలస్యంగా వెళ్తే అయిపోతాయి.

పి.గన్నవరం దగ్గర ఒక వింత ఉంది, చాలామంది చూడకుండానే దాటేస్తారు. కింద వైనతేయ పారుతుంటే దాని మీదుగా వంతెన మీద కాలువ పారుతుంది. అక్విడక్టు. కాటన్ కాలంలో కట్టిన పాతదాని పక్కనే ఇప్పటిది కట్టి దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆవిడ ఇక్కడి లంకల గన్నవరంలోనే, ఏ వేళకొచ్చినా లేదనకుండా అన్నం పెట్టి, 1909లో కన్నుమూశారు. పాయ దాటే ప్రతివాడికీ అది ఆకలివేళ అయ్యేది. అలాంటిచోట అన్నం పెట్టిన మనిషి పేరు నీళ్లు దాటించే కట్టడానికి పెట్టడం నాకెంతో నచ్చింది. కారు పక్కన ఆపి నడిచి చూడండి. ఒక చెయ్యి వైపు కాలువ, కిందికి చూస్తే ఏరు.

అప్పనపల్లి బాలబాలాజీ గుడి వైనతేయ ఒడ్డునే. అక్కడ ఒక అరగంట, అంతే. మధ్యాహ్నానికి రాజోలు మీదుగా దిండి చేరిపోండి. ఈ రాత్రి నీళ్ల పక్కనే పడుకోవాలి, ప్లానులో ఇది మార్చకండి. టూరిజం వాళ్ల రిసార్టుంది, హౌస్‌బోట్లున్నాయి, వేరే బసలూ ఉన్నాయి. ఏది తీసుకున్నా ముందే ఫోను చేసి, గదిలోంచి నీళ్లు కనబడతాయా, పెద్దవాళ్లు ఎక్కాల్సిన మెట్లెన్ని, భోజనం అక్కడే వండుతారా అని మూడు ప్రశ్నలు అడగండి. మొత్తం డబ్బు ముందే కట్టకండి. సాయంత్రం దోమలకి ఒంటికి రాసుకునేది తీసుకెళ్లండి. పొద్దున ఆరింటికి లేస్తే వసిష్ఠ మీద పొగమంచులో ఇటు దిండి వైపో అటు చించినాడ వైపో తెలియకుండా ఏదో పడవ ఇంజను వినబడుతుంది, మనిషి కనబడడు.

ఐదో రోజు: అంతర్వేది, నర్సాపురం

ఎండెక్కకముందే అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం అయ్యాక అన్నాచెల్లెళ్ల గట్టుకి వెళ్లండి. వసిష్ఠ సముద్రంలో కలిసేది అక్కడే. ఒకవైపు ఏటినీళ్లు, ఒకవైపు సముద్రపు నీళ్లు, మధ్యలో ఇసుక. అక్కడా లోతుకి దిగొద్దు. పాదాలు తడిపితే చాలు. రాజమండ్రిలో అమ్మ వేసిన రూపాయి ఇక్కడికి చేరిందా అని మా మేనకోడలు ప్రతిసారీ అడుగుతుంది.

వెనక్కి సఖినేటిపల్లి రేవుకి వచ్చి నర్సాపురం పంటు ఎక్కండి. కారు అద్దెకి తీసుకుని ఉంటే డ్రైవరు లెక్క సఖినేటిపల్లిలోనే తేల్చి పంపేయొచ్చు. అవతల నర్సాపురంలో రైల్వేస్టేషను ఉంది, హైదరాబాదుకి రాత్రి బండి అక్కడే మొదలవుతుంది. మళ్లీ రాజమండ్రి దాకా వెనక్కి పోయే పని లేదు. టికెట్లు మొదటే ఇలా తీసుకోండి, వెళ్లేది రాజమండ్రికి, వచ్చేది నర్సాపురం నుంచి. పెద్దవాళ్లకి కింది బెర్తు పడేలా చూడండి. నర్సాపురంలో రెండు మూడు గంటలు మిగిలితే లేసు అల్లిక పని కొట్లు చూడొచ్చు.

సంచిలో ఏం పెట్టుకోవాలో పెద్ద జాబితా నాకు లేదు. నూలు తువ్వాళ్లు రెండు ఎక్కువ, జారని చెప్పులు, టార్చిలైటు, ఫ్లాస్కు, రోజువారీ మందులు రెండు చోట్ల విడివిడిగా. ఇంకా మూత గట్టిగా పట్టే స్టీలు సీసా ఒకటి. కోటిపల్లి రేవులో అమ్మ గోదారి నీళ్లు పట్టుకుంటుంది. ప్లాస్టిక్ సీసా ఒకసారి రైల్లో కారి కింది బెర్తాయన దుప్పటంతా తడిసింది. స్టీలు సీసా కూడా కవర్లో చుట్టి, నిలువుగా, పూతరేకుల డబ్బాకి దూరంగా పెట్టండి.